కదిలింది బట్టా, సూదా? సముద్రం అడుగున సుయికో చెప్పిన సాక్ష్యం

పసిఫిక్ మహాసముద్రపు అడుగు పటాన్ని ఒక్కసారి చూసినవాళ్ళెవరూ అందులోని ఒక గీతను మరిచిపోరు. హవాయి దీవుల దగ్గర మొదలవుతుంది. వాయవ్య దిశగా దాదాపు మూడున్నర వేల కిలోమీటర్లు సాగుతుంది. అక్కడ మోచేయి వంచినట్టు ఒక్కసారిగా మలుపు తిరిగి, ఇంచుమించు నిట్టనిలువునా ఉత్తరానికి పోయి, రష్యాలోని కామ్చాట్కా ద్వీపకల్పం పక్కనున్న సముద్రపు అగాధం అంచున ఆగిపోతుంది. మొత్తం సుమారు 6,000 కిలోమీటర్లు. పటంలో గీతలా ఉన్నది నిజానికి వందకు పైగా అగ్నిపర్వతాల వరస. ఆగ్నేయపు కొసన ఉన్న కొద్దిపాటి కొండలే హవాయి దీవులై నీటి పైకి తేలాయి. మలుపు దాటి ఉత్తరానికి వెళితే ఒక్కటీ పైకి కనిపించదు, అన్నీ మునిగిపోయినవే.

మునిగిన ఆ ఉత్తరపు వరస పేరు ఎంపరర్ సీమౌంట్లు. సీమౌంట్ అంటే సముద్రం అడుగు నుంచి లేచిన మునక కొండ. 1954లో అమెరికా సముద్రశాస్త్రవేత్త రాబర్ట్ డీట్జ్, జపాన్ వాళ్ళు గీసిన సముద్ర పటాన్ని ముందు పెట్టుకుని, కొండలకు జపాన్ చక్రవర్తుల పేర్లు పెట్టాడు. జిమ్ము, నింతోకు, యోమెయి, సుయికో ఇలా. కొండల వయసుకూ రాజుల కాలానికీ పొంతన వెతకొద్దు. 19వ శతాబ్దపు మెయిజీ పేరు వరసలో అన్నిటికంటే ముసలి కొండకు పడింది. చక్రవర్తుల వరస అంటున్నా మన కథలోని సుయికో మాత్రం మహిళ, 6వ శతాబ్దం చివర్లో జపాన్ సింహాసనం ఎక్కిన రాణి.

సుయికో కొండ ఉత్తర అక్షాంశం 44, 45 డిగ్రీల మధ్య ఉంది. ఎంపరర్ వరసలోని పెద్ద కొండల్లో ఇదొకటి. చివరిసారి లావా కక్కి ఆరు కోట్ల సంవత్సరాలు దాటింది. ఇంతకాలంగా చల్లారి, చీకట్లో పడి ఉన్న రాతి గుట్టతో ఎవరికి పని? యాభై ఏళ్ళుగా భూగర్భ శాస్త్రాన్ని వేధించిన ఒక తగాదాలో దీనిది కీలకమైన సాక్ష్యం. అందుకే ఈ వ్యాసం.

ముందు తగాదా ఏమిటో చూద్దాం.

కుట్టు మిషన్‌ను గుర్తు తెచ్చుకోండి. సూది ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతుంది. కింద బట్ట జరుగుతుంది. జరిగిన కొద్దీ బట్ట మీద కుట్ల వరస పడుతుంది. సూదికి దగ్గరగా ఉన్నది కొత్త కుట్టు, దూరంగా వెళ్ళినది పాత కుట్టు. 1963లో కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ హవాయి దీవుల పుట్టుకను ఇంచుమించు ఇలాగే వివరించాడు. భూమి లోతుల్లో ఒకచోట వేడి నిలకడగా పైకి తన్నుతోంది. దాని మీదుగా పసిఫిక్ ఫలకం, అంటే భూమి పైపెంకులోని ఒక పెద్ద ముక్క, వాయవ్యంగా జరుగుతోంది. వేడికి ఎదురైన చోటల్లా ఫలకాన్ని చీల్చుకుని ఒక అగ్నిపర్వతం లేస్తుంది, ఫలకంతో పాటు పక్కకు జరిగిపోతుంది, ఖాళీ అయిన చోట మరొకటి లేస్తుంది. ఆ వేడి చోటుకే హాట్‌స్పాట్ అని పేరు. విల్సన్ వ్యాసాన్ని మొదట ఒక పెద్ద పత్రిక తిప్పి పంపింది. చివరకు అది అచ్చయింది భూగర్భ శాస్త్రజ్ఞులు పెద్దగా తిరగేయని ఒక భౌతిక శాస్త్ర పత్రికలో.

1971లో అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త జేసన్ మోర్గన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. హాట్‌స్పాట్లు భూమి పైపెంకు కిందున్న మందపాటి రాతి పొర అయిన భూప్రావారపు అట్టడుగు నుంచి లేచే వేడి స్తంభాలనీ, అవి ఒకదానికొకటి కదలకుండా పాతుకుపోయి ఉంటాయనీ అన్నాడు. సూది కదలదు, బట్టే కదులుతుంది. దీని ప్రకారం పసిఫిక్ పటంలోని మోచేతి మలుపుకు ఒక్కటే అర్థం: ఒకప్పుడు ఉత్తరంగా సాగిన పసిఫిక్ ఫలకం ఒక దశలో పశ్చిమం వైపు మళ్ళింది. మలుపు వయసును మొదట 4 కోట్ల 30 లక్షల సంవత్సరాలుగా లెక్కగట్టారు. మెరుగైన కొలతల తర్వాత అది సుమారు 4 కోట్ల 70 లక్షలకు పెరిగింది. ఎన్నో పాఠ్యపుస్తకాల్లో కథ ఇప్పటికీ ఇక్కడే ముగుస్తుంది. చక్కగా, ఏ మడతా లేకుండా.

చిక్కల్లా ఒక్కటే. కుట్ల వరసను మాత్రమే చూసి బట్ట తిరిగిందో సూది తిరిగిందో ఎవరూ చెప్పలేరు. సూదిని నిలిపి బట్టను లాగినా, బట్టను పరిచి సూదినే నడిపించినా పడేది అదే వరస. తేడా తెలియాలంటే ఒక్కో కుట్టు పడ్డప్పుడు సూది గదిలో ఎక్కడుందో ఆ కుట్టులోనే రాసి ఉండాలి.

విచిత్రమేమిటంటే, రాసే ఉంది.

హవాయి పాతకథల్లో అగ్నిదేవత పెలే వాయవ్యపు దీవులతో మొదలుపెట్టి ఒక్కో దీవిలో నిలవనీడ వెతుక్కుంటూ, చివరికి ఆగ్నేయాన ఉన్న పెద్ద దీవిలో కిలౌయా శిఖరం మీద స్థిరపడింది. ఏ దీవి ముందు పుట్టిందో ఏది తర్వాత పుట్టిందో ఆ వరస కథలో సరిగ్గానే ఉంది. కానీ ఆ కథలో కదిలేది నిప్పు, దీవులు కావు. విల్సన్ దాన్ని తిరగేసి, దీవులే కదులుతాయన్నాడు. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చే రాళ్ళు సుయికో కడుపులో ఉన్నాయి.

ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు, ఇంత పెద్ద కొండ నీళ్ళ కిందికి ఎలా చేరిందో తెలుసుకోవాలి. చల్లారిన అగ్నిపర్వతం అనగానే లోపలి ఇంధనం అయిపోయిందనుకుంటాం. సుయికో విషయంలో అలా కాదు. ఇంధనం ఉన్నచోటే ఉంది, కొండే దాని మీద నుంచి జరిగిపోయింది. ఇలాంటి అగ్నిపర్వతం తన శరీరంలో అధిక భాగాన్ని పది లక్షల సంవత్సరాల లోపే కూడగట్టుకుంటుంది. ఆ తర్వాత చిన్నాచితకా పేలుళ్ళు ఉండొచ్చు గానీ అవి పోయే ముందు వెలుగు లాంటివే. ఈ దశలన్నీ చూడాలంటే కోట్ల ఏళ్ళు కాచుకోనక్కర్లేదు, వరస వెంట నడిస్తే చాలు. హవాయి పెద్ద దీవికి ఆగ్నేయాన సముద్రంలో లోయిహి అనే పసికొండ ఉంది. 2021లో దాని పేరు కమాఎహువాకనలోవాగా మార్చారు. దాని శిఖరం ఇంకా నీటికి సుమారు 975 మీటర్ల లోతునే ఉంది. పక్కనే కిలౌయా యౌవనంలో ఉంది. వాయవ్యంగా వెళ్ళే కొద్దీ దీవులు అరిగి, కుంగి, సుమారు 2 కోట్ల 80 లక్షల ఏళ్ళ మిడ్‌వే దగ్గర పగడాల వలయంగా మాత్రమే మిగులుతాయి.

కుంగుబాటుకు కారణాలు రెండు. మొదటిది సొంత బరువు. హవాయి పెద్ద దీవిలోని మౌనా లోవా అగ్నిపర్వతం భారానికి దాని కింది సముద్రపు అడుగు దాదాపు 8 కిలోమీటర్లు కుంగిందని అమెరికా భూగర్భ సర్వే అంచనా. హవాయి పెద్ద దీవి నేటికీ ఏటా రెండు మిల్లీమీటర్లకు పైగా దిగుతూనే ఉంది. రెండోది ఫలకం వయసు. సముద్రపు ఫలకం పుట్టినప్పుడు వేడిగా, తేలికగా ఉంటుంది. కాలం గడిచే కొద్దీ చల్లబడి, దళసరెక్కి, బరువై లోతుకు దిగుతుంది. దానితో పాటే మీదున్న కొండలన్నీ దిగుతాయి. కొండ నీటి మట్టానికి చేరుకున్నాక అలలు దాని తలను చదును చేస్తాయి. వెచ్చని నీళ్ళుంటే పగడాలు ఆ తల మీద గూడు కట్టి, కొండ ఎంత కుంగితే తాము అంత పైకి పెరుగుతూ దీవి ఆనవాలు నిలుపుతాయి. 1842లో డార్విన్ చెప్పింది ఇదే. కానీ ఉత్తరానికి జరిగే కొద్దీ నీళ్ళు చల్లబడతాయి, పగడాల ఎదుగుదల మందగిస్తుంది. సుమారు 28 డిగ్రీల దగ్గరున్న క్యూరే వలయం దాటాక కుంగే వేగాన్ని పగడాలు అందుకోలేవు. కొండ మునిగిపోతుంది. ఆ హద్దుకు శాస్త్రవేత్తలు డార్విన్ పేరే పెట్టారు.

తల చదునైన ఈ మునక కొండలను మొదట గుర్తించింది ఒక యుద్ధనౌక కెప్టెన్. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ హ్యారీ హెస్ రెండో ప్రపంచ యుద్ధంలో కేప్ జాన్సన్ అనే రవాణా నౌకను నడుపుతూ, లోతు కొలిచే ధ్వని యంత్రాన్ని కట్టకుండా ఆడిస్తూనే ఉన్నాడు. బల్లపరుపు తలల కొండలు 160 దాకా తేలాయి. 1946లో వాటికి గయాట్ అని పేరు పెట్టాడు. అవి వందల కోట్ల ఏళ్ళ నాటివని ఆయన ఊహించాడు. 1950లో కొన్నింటి తలల మీద నుంచి తవ్వి తీసిన శిలాజాలు డైనోసార్ల కాలానివని తేలేసరికి ఆ ఊహ వీగిపోయింది. సముద్రపు అడుగంటే కాలం గడ్డకట్టిన చోటు అనే నమ్మకం కూడా దానితో పాటే సడలడం మొదలైంది.

ఇక సుయికో.

1977లో గ్లోమార్ చాలెంజర్ అనే తవ్వక నౌక సుయికో మీదికి వచ్చింది. నీటి లోతు 1,860 మీటర్లు. అంత నీటిని దాటి, కొండ నెత్తిన పేరుకున్న ఒండ్రు తొలుచుకుని, కింది లావా పొరల్లోకి మొత్తం 550 మీటర్ల దాకా దిగింది. వెలికి తీసిన రాతి కడ్డీలను వరసగా పేర్చి చూస్తే కొండ ఆత్మకథ తలకిందులుగా కనిపించింది. అడుగున ఒకదానిమీద ఒకటిగా లావా పొరలు. నీటిలో గడ్డకట్టిన లావా గుండ్రటి దిండ్లలా ఉంటుంది. ఇవి అలా లేవు, గాలి తగిలి పారిన లావాలు. అంటే సుయికో ఒకప్పుడు దీవి. వాటి పైన లోతు తక్కువ నీటిలో బతికిన ప్రాణుల అవశేషాలు. ఇక్కడ ఒక చిన్న విషయాన్ని దాటేయకూడదు. ఆ అవశేషాల్లో పగడాల పాలు తక్కువ. నాచు, బ్రయోజోవా అనే నాచులాంటి చిట్టి జంతువుల పాలు ఎక్కువ. ఇప్పటి హవాయి దీవుల అంచున పేరుకుంటున్నది ఇలా ఉండదు. అంటే సుయికో దీవిగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీళ్ళు నేటి హవాయి నీళ్ళకంటే చల్లన. ఈ ఒక్క ఆనవాలుతో ఏదీ రుజువు కాదు గానీ, రాబోయే మాటకు ఇది తోడు సాక్షి.

వయసు తేల్చడానికి ఆర్గాన్ గడియారం వాడారు. లావాలో కొద్దిగా పొటాషియం ఉంటుంది. అందులో ఒక రకం పొటాషియం చాలా నెమ్మదిగా క్షీణిస్తూ ఆర్గాన్ వాయువుగా మారుతుంది. సగం తరగడానికి 125 కోట్ల ఏళ్ళు పడుతుంది. కరిగి ఉన్నంత సేపూ ఆర్గాన్ ఎగిరిపోతుంది, గడ్డకట్టిన క్షణం నుంచీ లోపలే చిక్కుకుంటుంది. చిక్కిన ఆర్గాన్‌ను కొలిస్తే గడ్డకట్టి ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. సుయికోకు మొదట ఆరున్నర కోట్ల దాకా వచ్చింది, తర్వాతి కొలతల్లో 6 కోట్ల 10 లక్షల దగ్గర నిలిచింది. వరస వెంట కిలౌయా నుంచి సుయికోకు దూరం సుమారు 4,860 కిలోమీటర్లు. భాగిస్తే ఏడాదికి 8 సెంటీమీటర్లు. మన చేతి గోరు ఏడాదికి పెరిగే దానికి రెండింతలు. గోరంతలు కొండంతలు కావడమంటే అక్షరాలా ఇదే.

అసలు సంగతి మూడోది, అయస్కాంతపు వాలు. లావాలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు ఉంటాయి. సుమారు 580 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబడగానే వాటి అయస్కాంతత్వం ఆ చోట భూమి అయస్కాంత క్షేత్రం ఎటు వాలి ఉందో అటే బిగుసుకుపోతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ క్షేత్రం నేలకు సమాంతరంగా ఉంటుంది. ఉత్తరానికి పోయే కొద్దీ నేలలోకి మరింత ఏటవాలుగా దిగుతుంది, ధ్రువం దగ్గర నిలువవుతుంది. కాబట్టి వాలును బట్టి ఆ రాయి ఏ అక్షాంశంలో గడ్డకట్టిందో లెక్కించవచ్చు. తవ్వేటప్పుడు రాతి కడ్డీ గొట్టంలో గిరగిర తిరుగుతుంది, కనుక దాని ముఖం తూర్పుకో పడమరకో తెలియదు. కానీ పైది పైనే, కిందిది కిందే. వాలుకు అంతకుమించి అక్కర్లేదు. సముద్రపు అడుగున దొర్లుతున్న రాళ్ళను వల వేసి ఏరుకొస్తే ఈ పని జరగదు, వాటికి పై కింద తేడా ఎప్పుడో పోయింది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అయస్కాంత క్షేత్రం శతాబ్దాల పాటు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క లావా పొరను నమ్మితే ఆ ఊగులాటలోని ఒక్క క్షణమే దొరుకుతుంది. వేల ఏళ్ళ వ్యవధిలో పేరుకున్న పదుల కొద్దీ పొరల సగటు తీస్తేనే మాట నిలుస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, అంత లోతు తవ్వింది ఈ రేణువుల్లో దాగిన కంటికి కనబడని వాలు కోసమే. ఎలుక మాత్రం విలువైనది.

లెక్క ఇలా వేసుకోండి. హాట్‌స్పాట్ నేడు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అది ఎన్నడూ కదలలేదనుకుంటే సుయికో లావాలో వాలు 35 డిగ్రీలు ఉండాలి. కొండ ఇప్పుడున్న చోటే పుట్టి అసలు కదలలేదనుకుంటే వాలు 63 డిగ్రీలు ఉండాలి. రాళ్ళు చూపింది 45 డిగ్రీలు. అంటే సుయికో పుట్టింది 27 డిగ్రీల అక్షాంశం దగ్గర. బట్ట కదిలిన మాట నిజమే, కొండ ఉత్తరానికి చాలా దూరం ప్రయాణించింది. కానీ సూది కూడా అప్పట్లో నేటి చోటుకు సుమారు ఎనిమిది డిగ్రీల ఉత్తరంగా ఉంది. కిలోమీటర్లలో దాదాపు 900.

తగాదా అప్పుడే తేలిపోయిందా అంటే, లేదు. సుయికో కొలతకు అయిదు డిగ్రీల దాకా అటూ ఇటూ పొరపాటుకు చోటుంది. ఎనిమిదిలో అయిదు తీసేస్తే మిగిలేదెంత అని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. కదలని హాట్‌స్పాట్ల మీద అప్పటికే ఎన్నో లెక్కలు కట్టి కూర్చున్నారు, భూమి మీది ఫలకాల కదలికలన్నిటికీ వాటినే కొలబద్దగా వాడుతున్నారు. కొలబద్దే సాగుతోందంటే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ ఎనిమిది డిగ్రీలను కొలతలోని నలతగా సర్దేసుకోవడం తేలికయింది.

సర్దుకోవడానికి వీల్లేకుండా చేసింది సుయికోకు ఉత్తరాన ఉన్న డెట్రాయిట్ కొండ. 1990లలో ఆ కొండ రాళ్ళ వాలును పరిశీలించిన జాన్ టార్డునో బృందానికి పుట్టుక అక్షాంశం 36 డిగ్రీల దగ్గర వచ్చింది. 19కీ 36కీ మధ్య తేడాను ఏ పొరపాటు ఖాతాలోనూ వేయలేం. 2001లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక ఇదే పనిగా ఎంపరర్ వరసకు వెళ్ళి డెట్రాయిట్, నింతోకు, కోకో కొండలను తవ్వింది. సుమారు 8 కోట్ల ఏళ్ళ డెట్రాయిట్ దగ్గర 35 డిగ్రీల చుట్టుపక్కల మొదలైన పుట్టుక అక్షాంశం, దాదాపు 4 కోట్ల 90 లక్షల ఏళ్ళ కోకో దగ్గరకు వచ్చేసరికి 22కు దిగింది. హాట్‌స్పాట్ ఏడాదికి నాలుగు సెంటీమీటర్లకు పైగా దక్షిణానికి నడిచిందనీ, మలుపు కాలానికి ఇంచుమించు నేటి అక్షాంశానికి చేరిందనీ ఆ బృందం 2003లో ప్రకటించింది. పాతికేళ్ళ కిందట సుయికో చెప్పిన మాట ఈ వరసలో ఎబ్బెట్టుగా లేదు, ఇమిడిపోయింది.

భూమి లోతుల నుంచి లేచే వేడి స్తంభం ఎలా నడుస్తుంది? భూప్రావారం రాయే అయినా కోట్ల ఏళ్ళ లెక్కలో అది చిక్కటి ద్రవంలా పారుతుంది. ఆ పారుదలలో స్తంభం గాలికి వంగిన పొగలా ఒరుగుతుంది. డెట్రాయిట్ లావాల రసాయనం మరో సూచన ఇస్తోంది. అవి మామూలు హవాయి లావాల కంటే, సముద్రం మధ్య ఫలకాలు విడిపోయే పగుళ్ళలో పుట్టే లావాలకు దగ్గరగా ఉన్నాయి. అంటే ఆ రోజుల్లో హాట్‌స్పాట్ అలాంటి పగులుకు చేరువలో ఉంది. స్తంభం పైకొస అటు వంగి, పగులు దూరమయ్యాక తిరిగి నిటారుగా లేస్తూ దక్షిణానికి జరిగి ఉండొచ్చని టార్డునో తదితరుల వివరణ. నాకైతే ఇది నమ్మదగినదిగానే తోస్తుంది.

దీంతో కొందరు రెండో కొసకు పరుగెత్తారు. మలుపు మొత్తం సూది ఆగినందువల్లే, బట్ట తిరగనే లేదు అని. అదీ అతే. దీనికి జవాబు దక్షిణ పసిఫిక్‌లో దొరికింది. న్యూజిలాండ్‌కు తూర్పున లూయివిల్ అనే మరో మునక కొండల వరస ఉంది. అదే బట్ట మీద రెండో సూది వేసిన కుట్లన్నమాట. 2010 డిసెంబర్‌లో మొదలై 2011 ఫిబ్రవరి దాకా సాగిన తవ్వకంలో తేలిందేమిటంటే, 7 కోట్ల నుంచి 5 కోట్ల ఏళ్ళ మధ్య లూయివిల్ హాట్‌స్పాట్ దక్షిణ అక్షాంశం 51 డిగ్రీల దగ్గరే దాదాపు కదలకుండా ఉంది. ఒక సూది నడిచింది, ఒకటి నిలిచింది. కాబట్టి హాట్‌స్పాట్లన్నీ కలిసి పాతుకుపోయిన మేకులన్న మోర్గన్ మాట నిలవదు. అయితే లూయివిల్ వరస కూడా ఇంచుమించు అదే కాలంలో వంపు తిరుగుతుంది, హవాయి అంత పదునుగా కాదు, మెత్తగా. నిలిచిన సూది కింద కుట్టు వంగిందంటే బట్ట తిరగక తప్పదు.

బట్టను లాగినదెవరన్న ప్రశ్నకు ఎక్కువమంది వేలు చూపేది పసిఫిక్ పడమటి అంచు వైపు. జపాన్‌కు దక్షిణాన ఇజు, బోనిన్, మరియానా దీవుల వెంట సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళ కింద ఫలకం కొత్తగా భూమిలోకి దిగడం మొదలైంది. ఫలకాలను నడిపించే బలాల్లో ప్రధానమైనది ఇలా మునుగుతున్న అంచు బరువే. పడమట కొత్త బరువు పడితే ఫలకం అటు మళ్ళుతుంది. ఏనుగంత వస్తువును ఒక మూల పట్టుకుని లాగితే వెంటనే తిరగదు, కొంత సమయం పడుతుంది. మలుపు ఆ తర్వాత కొద్ది కాలానికే రావడం ఈ వాదనకు బలం. నా మటుకు, ఎంపరర్ వరస అంత నిట్టనిలువుగా ఉత్తరానికి పోవడంలో సూది నడక వాటా పెద్దది, మలుపు మలుపుగా కనబడటంలో బట్ట తిప్పుకున్న వాటా పెద్దది. అయస్కాంతపు వాలు ఉత్తర దక్షిణాలనే చెబుతుంది, తూర్పు పడమరల కదలికను పట్టుకోదు. అందుకే ఎవరి వాటా ఎన్ని పాళ్ళన్నది ఇంకా వాదులాటలో ఉంది.

చచ్చిన కొండ అంటున్నామని దాన్ని బీడు అనుకోకూడదు. లోతు సముద్రపు ప్రవాహాలు ఈ కొండలకు తగిలి పైకి మళ్ళుతాయి, వాటితో ఆహారం, దాని వెంట చేపలు వస్తాయి. 1967లో సోవియట్ ట్రాలర్లు ఎంపరర్ వరస దక్షిణ భాగంలో ఆర్మర్‌హెడ్ చేపల గుంపులను కనిపెట్టాయి. పదేళ్ళలోపే ఆ గుంపులు చిక్కిపోయాయి. లోతు పగడాల కోసం వేసిన వలలు అడుగును గీకి పారేశాయి. ప్రపంచ సముద్రాల అడుగులో వివరంగా కొలిచి పటమెక్కించింది ఇప్పటికీ సుమారు నాలుగో వంతే. 2005 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో అనే అమెరికా అణు జలాంతర్గామి గువామ్‌కు దక్షిణాన, వాళ్ళు వాడుతున్న పటంలో లేని ఒక సీమౌంట్‌ను పూర్తి వేగంతో ఢీకొంది. ఒక నావికుడు చనిపోయాడు.

సుయికో ప్రయాణం ఆగలేదు. నేటి వేగంతో పోతే ఫలకపు అంచున ఉన్న అగాధానికి చేరడానికి కోటి ఏళ్ళకు పైనే పడుతుంది. వరస చివరన ఉన్న మెయిజీ ఇప్పటికే ఆ అంచుకు వచ్చింది. మెయిజీ వయసు ఎనిమిది కోట్ల ఏళ్ళ పైచిలుకు. ఈ హాట్‌స్పాట్ దానికంటే ముందు కొండలేవీ పుట్టించలేదని చెప్పడానికి ఆధారం లేదు, పుట్టిన వాటిని అగాధం లాగేసుకుని ఉంటుంది. అయితే దిగిపోయే ఫలకం మీద నుంచి అప్పుడప్పుడు కొన్ని పెళ్ళలు గీరుకుని ఒడ్డుకు అంటుకుంటాయి. 2008లో కామ్చాట్కా తీరపు రాళ్ళలో కొన్నింటిని పరిశీలించిన శాస్త్రవేత్తలు వాటి రసాయనంలో హవాయి లావా పోలికలు పట్టుకున్నారు. వయసు 9 కోట్ల ఏళ్ళ పైమాటే. మెయిజీకి ముందు పడి, బట్టతో పాటు లోపలికి పోకుండా అంచున ఊడిపడిన కుట్లు కావచ్చు అవి.